ముందు తట్టిన సుత్తి

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకమూ లేదు. మా ఆఫీసులో ఏడో అంతస్తు లిఫ్టు దానంతటదే తెరుచుకుంటోందని అందరూ మెట్లెక్కుతుంటే, సెన్సర్ మీద దుమ్ము తుడిపించి ఆ దయ్యాన్ని వదిలించింది నేనే. సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. తప్పెక్కడుందో తేలేదాకా నాకు తోచదు. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మా నాయిన రాళ్లు కొట్టేవాడు. ఇప్పుడు కొత్తగూడ చుట్టూ అద్దాల భవనాలున్న చోట అప్పట్లో గుట్టలుండేవి. అక్కడ నాయినా అమ్మా జంటగా పనిచేశారు. దెబ్బ ఎక్కడ పడాలో నాయిన చిన్న సుత్తితో ముందు తట్టేవాడు. వెంటనే అక్కడే అమ్మ సమ్మెట వేసేది. మధ్యలో మాటలుండేవి కావు.

నా పెళ్లి కుదిరాక, పెళ్లిలో నేను కాలు పెట్టే సన్నికల్లు తానే చెక్కుతానన్నాడు. బజారులో కొందామంటే అలిగాడు. ఒక అంచు మిగిలి ఉండగానే గుండెపోటుతో పోయాడు. పెళ్లి ఏడాది వాయిదా పడింది.

బోరబండ ఇంట్లో మంచం కింద ఆ రాయి అలాగే ఉండిపోయింది. వేరే మేస్త్రీతో చేయిద్దామని అమ్మ అంటే నాకు మనసొప్పలేదు. నేనే చేస్తానంటే, కీబోర్డు కొట్టినంత సులువు కాదని మా మేనమామ నవ్వాడు.

ఆ తర్వాత ఆఫీసు పని మీద రెండు నెలలు ఇండోనేసియా వెళ్లాను. అక్కడ ఒక ఊళ్లో నల్లరాయితో నూరుడు బండలు చెక్కుతారని తెలిసి, సెలవు రోజుల్లో ఒక ముసలి మేస్త్రీ దగ్గర కూర్చున్నాను. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకు రాదు. నేను అంచు పగలగొట్టినప్పుడల్లా తల పట్టుకుని, మళ్లీ కొత్త రాయి ఇచ్చేవాడు. అలా ఏడు రాళ్లు పాడుచేశాను.

చివరి ఆదివారం, ఎనిమిదో రాయి అంచు ఒక్క పెచ్చు కూడా ఊడకుండా దిగింది. ఎక్కడ కొట్టాలో చేతికే తెలిసినట్టనిపించింది, అంతే. వెంట వచ్చిన స్నేహితురాలు వీడియో తీసింది. అందులో నేనొక్కదాన్నే చెక్కుతున్నాను. మేస్త్రీ రెండు చేతులతో కాఫీ గ్లాసు పట్టుకుని పక్కన కూర్చున్నాడు. మిగతా పనివాళ్లకు ఆ రోజు సెలవు.

ఇంటికొచ్చాక అమ్మ ముందు ఆ వీడియో పెట్టాను. నేర్చుకుంటున్నానని అప్పటిదాకా చెప్పలేదు. అమ్మ పుంటికూర తెంపుతోంది, ఫోన్ వైపు చూడను కూడా లేదు. కాసేపటికి చెయ్యి ఆగింది.

"ముందుగాల తట్టేది ఎవలు?" అంది.

ఎవరూ లేరనీ, అది నా సుత్తి చప్పుడేననీ చెప్పాను.

"నీది రెండోది బిడ్డా. నాకు తెల్వదా? ఇరవై ఏండ్లు ఆ తట్టుడు ఇనే సమ్మెట ఏసిన."

నాకు చిరాకేసింది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. నా ప్రతి దెబ్బకూ ముందు సన్నగా ఇంకో చప్పుడుంది.

మర్నాడు ఆఫీసులో, సౌండ్ ఎడిటింగ్ తెలిసిన ఒకతనికి వినిపించాను. ప్రతిధ్వని అని తేల్చేశాడు. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత తనే కంప్యూటర్లో పెట్టి ఒక్కో చప్పుడూ విడదీసి చూసి, "ఎకో అయితే మీ దెబ్బ తర్వాత రావాలి కదండీ. ఇది ముందొస్తోంది" అన్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం డాబా మీద నాయిన రాయి ముందు కూర్చున్నాను. ఉలి ఆనించి ఆగాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ తట్టు కోసం ఎదురుచూశాను. రాలేదు. చిన్నపిల్లలా ఏడ్చేశాను.

పక్కనే కూర్చున్న అమ్మ లేచి వెళ్లి, నాయిన చిన్న సుత్తి తెచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఎప్పుడూ వెనక దెబ్బే వేసిన మనిషి, మొదటిసారి ముందు తట్టింది.

"ఈడ కొట్టు" అంది.

చీకటి పడకముందే అంచు పూర్తయింది. అదంతా ఫోన్‌లో రికార్డు చేసి పదిసార్లు విన్నాను. అమ్మ తట్టు, నా దెబ్బ. మూడో చప్పుడు లేదు. పాత వీడియోలో మాత్రం ఆ సన్నటి చప్పుడు ఇప్పటికీ ఉంది. నాకు తెలిసిన పరీక్షలన్నీ చేశాను. అదేమిటో ఈ రోజుకీ చెప్పలేను.

పెళ్లిలో పెళ్లికొడుకు నా పాదం పట్టుకుని సన్నికల్లు మీద పెట్టబోతుంటే, అమ్మ ఆగమంది. వంగి, ఆ అంచు పక్కన వేలితో ఒకసారి తట్టింది. నా కాలు అక్కడే పెట్టాడు.