గేటు వదిన

పట్టాల పక్క గదిలో ఉండి రైలు గేటు వేసే ఆమెను ఊరంతా గేటు వదిన అంటారు. జుట్టు బిగించి ముడేసి, ఎర్రజెండా చంకలో పెట్టుకుని, రైలు చప్పుడులో తడుస్తున్నట్టు నిలబడుతుంది. గేటు పడితే చాలు, "వదినా, మీ పుట్టింటివాళ్ల రైలా?" అని బండ్లవాళ్లు ఎకసెక్కాలాడతారు. ఆమె నవ్వదు, గేటూ ఎత్తదు.

ఆ మధ్యాహ్నం ఒక పెట్రోలు ట్యాంకరు, దిగుతున్న గేటు కిందనుంచి దూరింది. రైలు దాని వెనక భాగాన్ని కొట్టి, కీచుమంటూ కొంత దూరం పోయి ఆగింది. ట్యాంకరు ఒరిగి కారసాగింది. నలిగిన క్యాబిన్‌లో డ్రైవరు "అమ్మా" అని మూలుగుతుంటే, ఊరు డబ్బాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఆ మూలుగు పక్కనుంచే తోసుకుంటూ పోయి పెట్రోలు పట్టుకుంటోంది. "ఒక్క నిప్పురవ్వ చాలురా, అందరం బూడిదే! ముందు మనిషిని తియ్యండి!" అని ఆమె గొంతు చించుకుంది. ఒక్కడూ తల తిప్పలేదు. ఆ గుంపులోనే, ఇంట్లోని మంచినీళ్ల బకెట్టును పెట్రోలుతో నింపుకుని వస్తూ ఆమెకు సొంత మొగుడు కనిపించాడు. "ఎలాగూ మట్టిపాలయ్యేదేగా!" అన్నాడు. "అక్కడ మనిషి పోతుంటే నీకు పెట్రోలు మీద జాలా? సిగ్గులేదూ?" బకెట్టు లాక్కుని అక్కడే ఒలకబోసింది. దాన్ని క్యాబిన్ కింద బోర్లించి, ఎక్కి, వంకరపోయిన తలుపు పట్టుకుంది. కాలి కింద బకెట్టు ఊగింది. "చూస్తావేం? నా కాళ్లు పట్టుకో!" అతను వంగి పట్టుకున్నాడు. తలుపు కిర్రుమని కదిలింది. లోపలినుంచి ఒక చెయ్యి ఆమె మణికట్టును గట్టిగా పట్టుకుంది. వెనక డబ్బాలు నిండుతూనే ఉన్నాయి.