జయమణి డెమో క్లాసు

చెవిటికల్లు జయమణి ఇంగ్లీషు టీచరు. అయితే ఏడేళ్ళుగా ఒకరి కాన్పు సెలవులో మూడు నెలలు, మరొకరి కాలు విరిగితే నెల, అలా సందుల్లో పాఠం చెప్పడమే. మధ్యలో మిరప కోతలకు వెళ్తుంది. ఈ ఏప్రిల్ మొదట్లో నందిగామలో ఒక ప్రైవేటు స్కూలు పర్మినెంటు ఉద్యోగానికి పిలిచింది. ముందు డెమో క్లాసు చెప్పాలి. పిల్లలు రోజూ వచ్చే పిల్లలే, వెనక బెంచీలో మాత్రం యజమాని కూర్చుంటాడు. ఆయన కుటుంబరావు, జగ్గయ్యపేటలో హోల్‌సేల్ వ్యాపారి.

పాఠం ఒకప్పటి అలవాట్లు, ఇష్టాయిష్టాలు. ‘యూజ్డ్ టు’, ‘ప్రిఫర్’. మన భాషకు ఇంత తంటా లేదు. ‘పాడేది’ అంటే చాలు, ఇప్పుడు పాడడం లేదన్న దిగులు కూడా అందులోనే వినిపిస్తుంది. సరే, పుస్తకంలో పియానో వాయించే కుర్రాడి ఉదాహరణ ఉంది. నందిగామలో పియానో ఎవరు చూశారు? జయమణి పుస్తకం మూసి, “మీ ఇళ్ళల్లోవి చెప్పండి” అంది. అదే ఆమె చేసిన పొరపాటు.

“ఐ యూజ్డ్ టు స్టీల్ మ్యాంగోస్,” అన్నాడు వెస్లీ.

“నిన్న కూడా కోశాడు మేడం! యూజ్డ్ టు ఎట్టా అవుద్ది?” అన్నాడు పక్కవాడు.

క్లాసంతా నవ్వు. కుటుంబరావు కూడా నవ్వాడు.

రెండో వరసలోంచి సాయిప్రియ లేచింది. “మై మదర్ యూజ్డ్ టు సింగ్. నౌ షి క్రైస్. ఐ ప్రిఫర్ స్కూల్ టు హోమ్.”

నవ్వు ఆగిపోయింది. ఆ పిల్ల కుటుంబరావు మనవరాలని జయమణికి తప్ప అందరికీ తెలుసు.

“మేడం, మా మనవరాలు చెప్పింది తప్పని చెప్పండి,” అన్నాడాయన, మెల్లగానే.

సాయిప్రియ జయమణి మొహంలోకే చూస్తోంది.

“తప్పేం లేదండి. కరెక్టేనమ్మా, కూర్చో.”

“సరే. కబురు చేస్తాంలెండి.”

కబురు రాలేదు. మూడు వారాల తర్వాత కంచికచర్ల వెళ్ళే బస్సులో, మిరప ఘాటుకు మండుతున్న అరచేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్న నాకు ఇదంతా చెప్పింది.

“తప్పని ఒక్కమాట అనుంటే ఉద్యోగం వచ్చేదేమో గదమ్మా?” అన్నాను.

“వచ్చేదే బాబాయిగారూ. నా బాధ దాని గురించి కాదండి. నేను కరెక్టనేసి, బస్సెక్కి ఇంటికొచ్చేశా. ఆ సాయంత్రం ఆ పిల్ల కూడా ఇంటికే వెళ్ళుంటది గదండీ.”