దొరకు తెలియని మేనమామ

కోయంబత్తూరులో కాలేజీ చదివే రోజుల్లో ఒకసారి కినత్తుకడవు బస్సులో ఒక మిల్లు కార్మికుడు నా పక్కన కూర్చున్నాడు. జుట్టులో ఇంకా దూది పోగులున్నాయి. నా చేతిలో తెలుగు పుస్తకం చూసి, మా ఇంట్లో మాట్లాడే తెలుగులోనే పలకరించాడు.

"తంబీ, మా అక్క కూతురికి కల్యాణం. మా మిల్లు తెల్లదొరను లీవు అడగాల. ఇంగ్లీషులో రాసిస్తావా?"

రాసి చదివి వినిపించాను.

"నీస్ అంటే అక్క కూతురేనా?"

"అన్న కూతురైనా అదే మాట, మామా."

"మరి నన్నేమంటారు?"

"అంకుల్."

"చిన్నాయనను?"

"ఆయనా అంకులే."

ఆయన ముఖం వాడిపోయింది. "అట్లయితే ఇంకో అంకుల్ పోతాడులే అంటాడు దొర. పిల్లను పందిట్లోకి తోడుకొచ్చేది నేను గదా."

నాకు ఇంగ్లీషు మీద కోపం వచ్చింది. ఇంకో కాగితం తీసి, "పెళ్ళికూతురి తల్లికి నేనొక్కణ్ణే తమ్ముణ్ణి. నేను చేయి పట్టి తీసుకురానిదే మాలో పెళ్ళి జరగదు" అని ఇంగ్లీషులో రాశాను.

నెల తర్వాత ఆయన మళ్ళీ అదే బస్సులో కనిపించి, నా చేతిలో లడ్డు పెట్టాడు.

"ఒక దినం అడిగితే మూడు దినాలిచ్చినాడు. తనకూ చెల్లెలి కూతురుండాదంట. తానేం చేయాలని గుమాస్తాతో అడిగించినాడు."

"ఏం చెప్పారు?"

"పట్టుచీర కొనుక్కోని బిరాన ఊరికి పొమ్మంటి."