అత్తమ్మ కోళ్ల పౌడరు

నాచారంలో ఉండే మా మేనత్త మొన్న గురువారం పొద్దున చనిపోయింది. ఆమె గురించి నింపాదిగా రాసే వ్యవధి నాకు లేదు. ఆమె పెంచిన ఆరు కోళ్లకూ ఒక పుంజుకూ వచ్చే ఆదివారంలోగా ఇల్లు చూడాలి. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే కాబట్టి, ఈ గోడపత్రికలో రాసే పని నా మీద పడింది.

నా చిన్నప్పుడు ఆదివారం వస్తే అత్తమ్మ పెరట్లో పీట వేసుకుని కూర్చునేది. ముందు దువ్వెనతో నా తలలో పేలు తీసేది, తర్వాత కోళ్ల వంతు. ఇద్దరికీ ఒకటే మాట: "కదలకు. కదిల్తే ఒకటిస్త." కోళ్లే నాకంటే బుద్ధిగా ఉండేవి.

జల్లించిన పొయ్యి బూడిదలో ఎండిన వేపాకు పొడి కలిపి, ఖాళీ పౌడరు డబ్బాలో పోసేది. కోడిని ఒళ్లో పడుకోబెట్టుకుని రెక్కల కింద, తోక కింద చల్లి, ఈకల మొదళ్ల దాకా వేళ్లతో రుద్దేది. అంతటితో వదిలేది కాదు. గూట్లో కర్రలు ఊడదీసి మరిగే నీళ్లు పోసేది, పాత గడ్డి తగలబెట్టేది, సందుల్లోకంతా సున్నం కొట్టేది. "గూడు ఇడిసిపెట్టి కోడికి జేస్తే ఏం ఫాయిద? పొద్దుగూకంగనె మళ్ల ఎక్కుతయ్," అనేది. రెండేళ్ల కింద ఉప్పల్ సంతలో, పేలు పట్టి ముఖం పాలిపోయి, మెడ మీద ఈక లేని కోడిని ఎవరూ ముట్టుకోకపోతే ఇంటికి తెచ్చింది. అది బతికింది. మెడ మాత్రం బోసిగానే మిగిలింది.

ఒకసారి చెంగిచెర్లలో పెళ్లికి బయల్దేరుతూ మా నాయిన ఆ డబ్బా తీసుకుని ముఖానికీ మెడకూ దట్టంగా రాసుకున్నాడు.

"ఏందే చెల్లె, నీ పౌడరు వేపాకు వాసనొస్తుంది?"

అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "ఏం ఫికర్ చెయ్యకన్నా, మస్తుగున్నవ్. ఇగ నీ మీద ఒక్క పేను ఎక్కది."

ముఖం కడుక్కున్నాడు కానీ కాలరు బూడిద పోలేదు. "పొయ్యి కాడ పని నీదేనా బావా?" అని పెళ్లిలో అడిగారట.

నా పరీక్షల రోజుల్లో పొద్దున్నే ఉడకబెట్టిన గుడ్డు తెచ్చి చేతిలో పెట్టేది. "తిను బిడ్డా. దీని తల్లికి నిన్ననే పేండ్లు దీసిన," అనేది. ఆ మాట విన్నాక కూడా తిన్నాను. అన్ని పరీక్షలూ పాసయ్యాను.

ఆమె పోయిన రోజే, పదకొండో రోజు భోజనాలకు ఈ కోళ్లనే కోద్దామని పెద్దలు అనుకున్నారు. పోయినవాళ్లు కాకి రూపంలో వచ్చి తింటారని, మూడో రోజు పిట్టకు పెట్టాం. పెరటి గోడ మీద విస్తరిలో అన్నం, గుడ్డు, ఆమెకిష్టమైన గారెలు. ఎంతసేపు చూసినా ఒక్క కాకి రాలేదు. గూటి గడియ ఎవరు మరిచారో, కోళ్లన్నీ గోడెక్కాయి. బోసిమెడ కోడి అందరికంటే ముందు గారె అందుకుంది.

అత్తమ్మ కొడుకు, మా బావ, అదిలించబోయాడు. మా చిన్నతాత ఆపాడు.

"ఆగు. తిననియ్."

"అది కాకి గాదు గద తాతా!"

"పిట్టకు పెట్టిన్రా, కాకికి పెట్టిన్రా?"

"పిట్టకే..."

"మరి కోడి పిట్ట గాదా? బర్రెనా?"

అమ్మ నవ్వాపుకోలేక గోడవైపు తిరిగింది. తాత మాత్రం నవ్వలేదు. "నా బిడ్డె వచ్చి తిన్నది. ఇగ ఆమెనె కోసి కూరొండుతరా?"

బావ మెల్లగా అన్నాడు: "మనం కొయ్యం గద తాతా. లాలాపేటల కోళ్ల దుకాణానికి అమ్ముదం."

బావను తప్పుపట్టను. పదకొండో రోజు కాగానే అతను ఉప్పల్లో మేడ మీది గదికి మారుతున్నాడు. మా ఇంటి ఓనరు కోళ్లంటే ఒప్పుకోడు. పెరడున్నవాళ్లు ఎవరైనా, కోసుకోవడానికి కాక పెంచుకోవడానికి తీసుకెళ్లండి. శనివారం సాయంత్రంలోగా ఇక్కడే, గ్రంథాలయంలో, నాకు చెప్పండి. కోళ్లకు బూడిదా గూటికి సున్నమూ మానకూడదు. డబ్బా మేమే ఇస్తాం. దాన్ని అద్దం దగ్గర పెట్టకండి.

నిన్న బూడిద చల్లడానికి నేనే పీట వేసుకుని కూర్చున్నాను. బోసిమెడ కోడి ఒళ్లోకి ఎక్కి పడుకుని, నేను ముట్టుకోకముందే ఒక రెక్క పైకెత్తింది. నేను "కదలకు" అనలేదు. అది కదలనూ లేదు.

శనివారంలోగా చెప్పండి.