గోరింటాకు కింద గీత

2022 వేసవి. రాజోలు దగ్గర ఓ చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. గల్ఫ్ వెళ్లేవాళ్లు వీసా కోసం చేసే అసలు మెడికల్ పరీక్షకు ముందు మా దగ్గర బీపీ, షుగరు చూపించుకుని గుండె దిటవు చేసుకుంటారు. సువార్త కూడా అందుకే వచ్చింది. కువైట్‌లో ఇంటిపని దొరికిందట, వారంలో మెడికల్.

ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సీమీటరు వేలికి తగిలించబోతే గోళ్లన్నీ ఎర్రగా పండి ఉన్నాయి. నాకు వింతగా తోచింది. మా ఇద్దరిదీ ఒకే చర్చి. మా సంఘంలో ఆడవాళ్లు గోరింటాకు జోలికి పోరు. పెళ్లికూతురివయ్యావా అని ఆటపట్టించాను. నవ్వలేదు సరికదా, బొటనవేలు గుప్పిట్లో దాచుకుంది.

అంతటితో ఊరుకునే మనిషిని కాను. గుప్పిట విప్పించాను. గోరు పెరిగి ఎరుపు ముందుకు జరిగింది. గోటి మొదలు దగ్గర రంగంటని కొత్త గోటి మీద నల్లటి గీత, పక్క చర్మం మీదకీ పాకింది.

గోరు రంగు మారిన ప్రతిసారీ బెంబేలెత్తక్కర్లేదు. తలుపు సందులో నలిగితే రక్తం గడ్డకట్టి నల్లబడుతుంది, గోరుతోపాటే జరిగి పోతుంది. తడిలో నానే చేతులకు ఫంగస్ పట్టి గోరు పసుపు రంగుకు తిరుగుతుంది. గోళ్లు నీలంగా మారి ఆయాసమొస్తే మాత్రం ఆ నిమిషానే ఆసుపత్రికి పరుగెత్తాలి. దెబ్బేమీ లేకుండా ఒక్క గోటికే గీత వచ్చి వెడల్పవుతుంటే, అది క్యాన్సరూ కావచ్చు. డాక్టరు చూసి తేల్చాల్సిందే.

"దెబ్బేమైనా తగిలిందా?"

"లేదండి. ఏడాది నుంచీ ఉందండి. ఈమధ్యే లావయ్యింది. చూస్తే అన్‌ఫిట్ అంటారేమోనని గోరింటాకుతో కప్పానండి... మీరు చూడనట్టే ఉండండి సిస్టరుగారండీ."

"నేను చూడనట్టుంటే అది పెరక్కుండా ఆగుతుందా అమ్మా?"

నేను చెప్పగానే మా డాక్టరుగారు చూసి, అప్పుడే కాకినాడలో చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లమని రాసిచ్చారు. అక్కడ బయాప్సీ చేశారు, అంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం. ఫలితం వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. ఏమీ కాకపోతే, చేతికందిన ఉద్యోగం చెడగొట్టినదాన్నవుతాను. నిజంగా క్యాన్సరే అయితే? అది తలుచుకోలేకపోయాను. చర్చిలో సువార్త నన్ను పలకరించడం మానేసింది.

క్యాన్సరే. అయితే తొలిదశ. గోరూ, దాని కింది చర్మమూ తీసేశారు గానీ వేలు దక్కింది. ఆ ఉద్యోగం మాత్రం పోయింది.

ఆ తర్వాత నుంచీ ఎవరి గోటికి రంగున్నా పూర్తిగా పోయాక చూపించమంటాను. దాచే చెయ్యి కనబడితే మందలించను, భయం దేనికో అడుగుతాను.

మరుసటేడు సువార్త మళ్లీ మెడికల్‌కు వెళ్తూ మా ఆసుపత్రికొచ్చింది. నేనడక్కుండానే బొటనవేలు నా ముందు చాపింది.

"చూసుకోండి సిస్టరుగారండీ. ఇంక దాయడానికి గోరు లేదండి."