నోరు లేని పిల్ల, బొక్క పైస

మొన్న అశోక్ చౌక్‌లో ఉండే మా తమ్ముడింటికి వెళ్లినప్పుడు, పరుగెత్తుకొచ్చి నా మెడ చుట్టూ చేతులు వేసిన మేనకోడలు సాన్వి అరచేతుల్లోంచి రాగి వాసన వచ్చింది. సబ్బుతో ఎంత రుద్దినా ఓ పట్టాన వదలని ఆ పాత నాణేల వాసన నాకు కొత్తది కాదు. నేను ఏదో అడిగేలోపే మా మరదలు శైల వంటింట్లోంచి వచ్చింది. "ఇగ చాలు వదినా, ఆ పైసల డబ్బా అటక మీద పెట్టేస్తున్న. బడి నుంచి వచ్చిందంటే తలుపేసుకొని వాటితోనే కూసుంటది. ఒక్క దోస్తు లేదు. ఇట్లయితే రేపు మనుషుల్ల కలుస్తదా?" అంది. సాన్వి నా కొంగు వెనక్కి జరిగింది. నాకేమో నవ్వొచ్చింది. ఈ మాటే పదేళ్ల వయసులో మా నాయనమ్మ నోట విన్నాను మరి.

నేతపని కోసం కరీంనగర్ నుంచి మావాళ్లు వలసొచ్చిన ఈ మరాఠీ ఊళ్లో, దాజీ పేట్‌లో మా వాడా అంటే నడుమ నల్లరాతి వాకిలి, చుట్టూ ఏడు ఇళ్లు, తెల్లవారగానే మొదలై పొద్దుగూకేదాకా ఆగని సాంచాల, అంటే మరమగ్గాల, ధడధడ. వాకిట్లో ఆరేసిన చద్దర్ల నూలు నుంచి ఎర్రటి, నీలపు నీళ్లు రాళ్ల సందుల్లో కాలువ కట్టేవి. గంజి వాసన మీద మధ్యాహ్నానికల్లా తునికాకు వాసన, తంబాకు ఘాటు వచ్చి చేరేవి, ఎందుకంటే ఆడవాళ్లంతా ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతూ కూర్చునే వేళ అది. ఎండాకాలం గోనెపట్టాలు తడిపి తలుపులకు కట్టేవాళ్లు, చలికాలం జొన్నరొట్టెల్లోకి పల్లీల కారం దంచేవాళ్లు, జంధ్యాల పున్నమికి మార్కండేయుని రథం వస్తుందంటే బొబ్బట్లు, అదే పోలెల మీద నెయ్యి వేసుకోవడానికి కూడా ఆగకుండా వాడా మొత్తం రోడ్డు మీదే ఉండేది. ఇంత సందడిలో నేను మాత్రం స్తంభం వెనుక కుక్కిన పేనులా ఉండేదాన్ని. చుట్టాలొస్తే బియ్యం డబ్బా చాటుకు పోయేదాన్ని. తొక్కుడు బిల్ల ఆడుతూ నా వంతు వచ్చిందని చెప్పలేక, వంతు పోగొట్టుకుని ఇంటికొచ్చిన రోజులు బోలెడు. నా నోరు తెరిపించమని అమ్మ మొక్కని దేవుడు లేడు.

నాన్న చేతిమగ్గం తీసేసి సాంచా పెట్టించిన ఏడాది, మగ్గం గుంట పూడుస్తుంటే మట్టిలో రాజు తల ఉన్న రాగి పైసా ఒకటి దొరికింది. దాన్ని చింతపండుతో తోమి తోమి నా సొంతం చేసుకున్నాను. నాయనమ్మ కరీంనగర్ నుంచి తెచ్చుకుని బొడ్లో సంచిలో దాచుకున్న చార్మినార్ బొమ్మ కాసును, నేను మూడు రోజులు అన్నం మానేస్తే, తిట్టుకుంటూ ఇచ్చింది. పౌడర్ డబ్బాలో ఆ రెండూ గలగలమంటుంటే నాకిక ఎవరూ అక్కర్లేదనిపించేది. నాయనమ్మ నెత్తి కొట్టుకునేది: "పైసలతోని దోస్తానా జేసినోళ్లు మనుషులను మర్షిపోతరే! మొదలే ఇది మూగది."

మూడో నాణెం ఎక్కడుందో నాకు తెలుసు. ఎదురింటి పద్మక్క కొడుకు పాండు, ఏడాది నిండినవాడు, వాడి మొలతాడుకు వేలాడుతోంది. నడుమ గుండ్రటి తూటు ఉన్న రాగి పైసా. 'బొక్క పైస' అనేవాళ్లం. దిష్టి తగలకుండా పసిపిల్లల నడుముకు కట్టేవాళ్లు. నాకు దాని మీద మనసు పడింది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, అడగడమే నాకు చేతకాని పని. అందుకని పాండును ఎత్తుకోవడం మొదలుపెట్టాను.

పద్మక్కకు చేతులు ఖాళీ అయ్యేసరికి సంబరపడి నన్ను బీడీల గుంపులో పక్కనే కూర్చోబెట్టుకుంది. ఎవరి అత్త చల్లలో ఎన్ని నీళ్లు పోస్తుందో, ఎవరి మరిది దొంగచాటుగా సినిమాకు పోయి ఎలా దొరికాడో వింటూ, నవ్వొస్తే పాండు వీపు వెనుక ముఖం దాచుకునేదాన్ని. పదిహేను రోజులకు ధైర్యం చాలింది. "అక్కా, ఆ పైస నాకిస్తవా?" అన్నాను. బీడీలు చుట్టే చేతులన్నీ ఆగిపోయాయి. పద్మక్క పడీపడీ నవ్వి, "తాడు తెగిననాడు నీకే ఇస్త తియ్యి" అంది.

ఆ తాడు తెగితే కదా! అది మా నాన్న ఇచ్చిన నూలే, నాలుగు పోగులు కలిపి పేనింది. రోజూ పాండును ఒళ్లో వేసుకుని తాడు ఎక్కడైనా నలిగిందా అని వెతికేదాన్ని. వాడి పొట్ట పెరిగింది కానీ తాడు చెక్కుచెదరలేదు. దసరా ముందు ఒక మధ్యాహ్నం నా ఓపిక అయిపోయింది. నాన్న పోగులు కత్తిరించే చిన్న కత్తెర తెచ్చి, ఎవరూ చూడకుండా తాడు కోసి, పైసా పిడికిట్లో పెట్టుకున్నాను.

కాసేపటికి పాండును ఎత్తుకున్న పద్మక్క కెవ్వుమంది. "పైస లేదు! పోరడు మింగిండు!" ఒకామె వాణ్ని తలకిందులు చేసి వీపు మీద చరిచింది, ఇంకొకామె నోట్లో అరటిపండు కుక్కబోయింది, "లౌకర్, జల్ది రిక్షా పిలువుండ్రి, దవాఖానకు పోదాం!" అని మరొకామె వీధిలోకి ఉరికింది. సాంచాలు ఒక్కొక్కటే ఆగాయి, మగవాళ్లు బయటికొచ్చారు. పద్మక్క వాకిట్లో కూలబడింది. నన్నెవరూ చూడలేదు, నోరు లేని పిల్లను ఎవరనుమానిస్తారు? పైసాను మోరీ కాలువలో పడేస్తే అంతటితో పోయేది. కానీ తలకిందులుగా వేలాడుతున్న పాండు నా వైపే చేతులు చాచి ఏడుస్తున్నాడు. పిడికిలి తెరిచి అరిచాను: "మింగలే! నేనే కోసిన! నా దగ్గరున్నది!"

సాంచాలు ఆగి ఉండటంతో ఆ అరుపు పక్క గల్లీ దాకా వినబడిందట. ముందు తేరుకున్నది నాయనమ్మ. "ఓ యవ్వ! దీనికి ఇంత గొంతున్నదా?" ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ నవ్వారు. అమ్మ చెంపదెబ్బ మాత్రం ఎక్కడికీ పోలేదు. పద్మక్క లేచి, కొడుకును గుండెకు హత్తుకుని, నా దగ్గరికి వచ్చింది. ఇక ఆ గడప తొక్కనివ్వదనే అనుకున్నాను. "రేపు మధ్యానం రాకుంటే సూడు నీ సంగతి. వీణ్ని ఎవరెత్తుకుంటరు?" అంది. దెబ్బకు రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.

బొక్క పైస ఆ సాయంత్రమే కొత్త తాడుతో పాండు నడుముకు చేరింది, నాకెప్పటికీ దక్కలేదు. కానీ సంగతి జోడ్‌భావి పేట్ దాకా పాకింది. "పైస దొంగవు నువ్వేనా?" అని పిలిచి, కూర్చోబెట్టి, చాయ్ పోసి, మూలనున్న నాణెమేదో వెతికి చేతిలో పెట్టేవాళ్లు. భివండి నుంచి వచ్చిన చుట్టాలు కూడా నా కోసమని రెండు తెచ్చారు. మరుసటి దసరాకు నా డబ్బా నిండింది, ఆ పేటల్లో నేను వెళ్లని ఇల్లు మిగల్లేదు. అప్పటినుంచి నా నోటికి మూతపడలేదని మా ఆయన ఇప్పటికీ ఆ పైసాను తిట్టుకుంటాడు.

ఇదంతా శైలకు గొప్పగా చెప్పి, చూశావా అన్నట్టు కూర్చున్నాను. "అది సరే వదినా, దీనికి పైసలెవరిస్తున్నరో అడుగు" అంది శైల.

"ఎవరియ్యరు అత్తా. డాడీ ఫోన్ల ఆన్‌లైన్ ఆర్డర్ పెడ్త. కొరియర్ల వస్తయి" అంది సాన్వి.

నా గొప్పంతా ఆ ఒక్క మాటతో పోయింది. శైల భయంలోనూ నిజం లేకపోలేదు. మా వాడా పడగొట్టి ఫ్లాట్లు కట్టారు. నల్లరాతి వాకిలి లేదు, చాటల చుట్టూ కబుర్లు లేవు, కొట్టువాడికి ఫోన్ చూపించి మాటా పలుకూ లేకుండా సరుకు తెచ్చుకుంటున్నాం. నన్ను మనుషుల్లో పడేసింది నాణేలు కాదు, వాటికోసం ఒకరి గడప ఎక్కి అడగాల్సి రావడం. ఆ అవసరమే లేకుండా పోయింది. పెద్దదాన్ని కాబట్టి తీర్పు చెప్పాను: డబ్బా అటక ఎక్కదు, కానీ ఆర్డర్లు బంద్, కావాలంటే అడిగి తెచ్చుకోవాలి.

మర్నాడు సాన్వి ఎదురు ఫ్లాట్ దాకా మూడుసార్లు వెళ్లి వెనక్కొచ్చింది. ఆ ఇంటివాళ్లు వచ్చి మూడేళ్లయినా, తలుపు ముందు చెప్పులు తప్ప వాళ్ల ముఖాలు శైలకు సరిగ్గా తెలియవు. నాలుగోసారి గంట మోగింది. "కాకూ, మీ ఇంట్లో పాత నాణేలున్నాయా?" అని ఆ ఇంటామెను మరాఠీలో పిన్నిని పిలిచినట్టు పిలిచి అడిగే సన్నటి గొంతు వినబడింది, తలుపు తెరుచుకుంది, పిల్ల లోపలికి వెళ్లింది. పావుగంట గడిచింది, అరగంట గడిచింది. "ఏంది వదినా, ఇంకా వస్తలేదు?" అంటూ శైల చెప్పులేసుకుని వెళ్లి ఆ గంట నొక్కింది. ఆమె కూడా లోపలికి వెళ్లింది. మళ్లీ అరగంట గడిచినా ఇద్దరిలో ఒక్కరూ రాలేదు. పొయ్యి మీది అన్నం నేనే దించుకున్నాను.