బాపు మడిచిన చొక్కా చేతులు

దయ్యాల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. మా బాపుకైతే అసలే లేదు. ఫౌజులో ఉన్నప్పుడు మంచు కొండల మీద ఒంటరిగా పహరా కాసిన మనిషి. ఎవరైనా దయ్యాల ముచ్చట మొదలుపెడితే, "చలిని మించిన దయ్యం లేదు, పోండ్రి" అని లేచిపోయేవాడు. ఇదంతా రాసే ఓపిక కూడా నాకు లేదు. చెల్లె రాయమని వెంటపడితే రాస్తున్నాను.

బాపుది సిరిసిల్ల దగ్గర ఒక నేత కుటుంబం. మగ్గం మీద ఇల్లు గడవక ఫౌజులో చేరాడు. హవల్దారుగా బయటికొచ్చిన ఏడాదే అమ్మ జ్వరంతో పోయింది. నేను బడికి పోతున్నాను, చెల్లె ఇంకా చిన్నది. మళ్ళీ పెళ్ళి చేసుకోమని అందరూ చెప్పారు. ఆయన ఎవరి మాటా వినలేదు. మా ఇద్దరినీ తీసుకుని, మా మేనమామ ఉంటున్న సూరత్‌కు వచ్చేశాడు. బమ్రోలిలో ఒక గది, ఖటోదరాలో ఒక మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ పని.

వంట ఆయనే చేసేవాడు, బట్టలు ఆయనే ఉతికేవాడు. చెల్లెకు జడ వేస్తే తాడు పేనినట్టు ఉండేది. నొప్పికి అది ఏడిస్తే, "పొద్దుమూకేదాక ఊడొద్దు గద బిడ్డా" అనేవాడు. బడిలో తల్లుల మీటింగుకు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, ఆడవాళ్ళ మధ్య నిటారుగా కూర్చునేవాడు. మాకు సిగ్గేసేది. ఆయనకు వేసేది కాదు.

నేను సాంచెల మీద పనికి కుదిరాను. పవర్‌లూమ్‌లను మావాళ్ళు అలాగే అంటారు. అప్పటినుంచి ఆయనకు ఒకటే భయం. వదులుగా ఉన్న చొక్కా చెయ్యి మోటారు బెల్టులో పడిందంటే మనిషిని లోపలికి లాగేస్తుంది. అందుకని నేను డ్యూటీకి బయల్దేరేటప్పుడు గడప దగ్గర నిలబెట్టి, నా చొక్కా చేతులు తనే మడిచేవాడు. ఫౌజు మడత. కఫ్‌ను మోచేయి పైదాకా ఒక్కసారే తిరగేసి, మిగిలిన గుడ్డను దాని మీదికి మళ్ళీ మడిచి, కఫ్ అంచు మాత్రం పైన సన్నగా కనబడేలా వదిలేవాడు. నాకు పిల్లలు పుట్టాక కూడా మానలేదు.

"మిషిన్‌కు కండ్లు లెవ్వు బిడ్డా. మనకే ఉండాలె" అనేవాడు.

ఆ మడత నేనెప్పుడూ నేర్చుకోలేదు. అవసరం రాలేదు.

తర్వాత ఆయన ఊపిరితిత్తులు చెడిపోయాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. చివరి వారాల్లో పని మానేసి ఆస్పత్రిలో ఆయన మంచం పక్కనే ఉన్నాను. ఒక పొద్దున టీ తాగి వచ్చేసరికి పోయాడు. నాకు ఏడుపు కూడా సరిగా రాలేదు. ఎక్కడైనా ఒరిగితే చాలనిపించేంత అలసట, అదొక్కటే గుర్తుంది.

పదో దినం అయిన మర్నాడే పనిలోకి వెళ్ళాను. మేనమామ పెట్టిన కొత్త చొక్కా వేసుకున్నాను, నిండు చేతులది. గడప దగ్గర కాసేపు ఊరికే నిలబడ్డానని నా భార్య తర్వాత చెప్పింది. నాకు గుర్తులేదు.

మెట్లెక్కి షెడ్డులోకి వెళ్ళేసరికే కాళ్ళు లాగుతున్నాయి. నా పక్క సాంచెల మీద శంకర్ అని ఒక కొత్త మనిషి ఉన్నాడు. జగిత్యాల వైపు వాడు. నేను ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో చేరాడట. ఆ రోజు నన్ను చూడటమే మొదటిసారి.

మధ్యాహ్నం తిన్నాక కళ్ళు మూతలు పడసాగాయి. తెగిన పోగు ఒకటి అతికి, పక్కనున్న ఇనుప స్తంభానికి ఆనుకున్నాను. తర్వాత కొంతసేపు నాకేమీ తెలియదు. నిలబడే నిద్రపోయినట్టున్నాను.

మోచేతుల దగ్గర ఏదో బిగుతుగా అనిపించి మెలకువ వచ్చింది. చూసుకుంటే రెండు చేతులూ మడిచి ఉన్నాయి. కఫ్ అంచు పైన సన్నగా కనబడుతోంది.

సాంచెల చప్పుడులో మాట వినబడదు. శంకర్ దగ్గరికొచ్చి నా చెవిలో అరిచాడు.

"అన్నా, ముసలాయన పోయిండా?"

"ఎవరు?"

"గదే, ఇప్పటిదాక నీ చేతులు మడిశిండు గద. నీ చొక్కా చెయ్యి బెల్టు దిక్కు ఏలాడుతుండె. నేను ఉరికచ్చేలోపే ఆయినచ్చి పట్టుకున్నడు. మీ బాపు టిఫిన్ తెచ్చిండనుకున్న."

"పోయిండు" అన్నాను.

"జర ఆయాసపడుతుండె అన్నా. మెట్లెక్కుడు కష్టమైనట్టుంది."

కిందికి దిగి గేటు దగ్గర అడిగాను. బయటివాళ్ళెవరూ లోపలికి రాలేదన్నారు. ఇంటికి వెళ్ళి అదే చొక్కాతో ఆ మడత వేయాలని చూశాను. మడత పడుతుంది గానీ నిలవదు, జారిపోతుంది. నిద్రమత్తులో నా చేతులే ఆ పని చేసి ఉండొచ్చు. ఏళ్ళ తరబడి చూసినదే కదా. శంకర్‌కు కూడా మధ్యాహ్నపు మగత కమ్మి ఉండొచ్చు. కానీ బాపును ఎన్నడూ చూడని మనిషి ఆయాసం గురించి ఎలా చెప్పాడు? అతన్ని మళ్ళీ మళ్ళీ అడిగాను. ముఖం సరిగా చూడలేదన్నాడు. మిగతాదంతా అదే మాట.

చెల్లెను సూరత్‌లోనే సలాబత్‌పురాలో ఇచ్చాం. వెళ్ళి చెప్పాను. అది భయపడలేదు, కొట్టిపారేయనూ లేదు.

"ఇంక గూడ ఆయాసపడుతుండా అన్నా?" అని మాత్రం అడిగింది.

ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో ఈ రోజుకీ నాకు తెలియదు. ఎవరైనా విడమరిచి చెప్తే వింటాను.

ఆ ఆదివారం నా నిండు చేతుల చొక్కాలన్నీ దర్జీకిచ్చి, మోచేతుల పైకి కత్తిరించమన్నాను. నా భార్య ఎందుకని అడిగితే ఎండలు కదా అన్నాను. ఆయన మళ్ళీ ఆ మెట్లు ఎక్కి రావడం నాకిష్టం లేదు.